బట్ట తగిలితే

ఆదివారం పొద్దున్నే అత్తయ్య బనీన్లకి కుట్లు విప్పుతూ కూర్చోవడం నాకు అలవాటైపోయింది. చంక కింద నుంచి నడుము దాకా ఉండే కుట్టుని బ్లేడుతో విప్పి, అంచులు ఒంటికి తగలకుండా బయటివైపుకి మడిచి మళ్ళీ కుడతాను. మెడ వెనక కంపెనీ చీటీని దారం దారంగా ఊడదీస్తాను. సబ్బు మిగలకుండా మూడు నీళ్ళలో జాడించి ఆరేస్తాను. ఆ రోజు మా ఆయన గ్యుచోల్ స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చి, తీగ మీది బనీనుని రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు. “ఇదేంటి, కుట్లన్నీ బయటికున్నాయి?” అన్నాడు. లోపల ఉంటే అత్తయ్యకి భగ్గుమంటోందని చెప్పాను. “ఎవరన్నా చూస్తే మా అమ్మకి బట్టలు కట్టుకోవడం కూడా రాదనుకుంటారు,” అన్నాడు. ఆ తరవాత తన తెల్ల చొక్కా ఇస్త్రీ అయిందా అని అడిగాడు.

మా అత్తయ్య పేరు గ్వాక్ బునీ. డెబ్బై ఎనిమిదేళ్ళు. నేనీ ఇంటికొచ్చిన ఇరవై రెండేళ్ళలో ఆవిడ నోట నా గురించి మంచిమాట వినలేదు. కొత్త కోడలిగా నేను వండిన మొదటి చారు నోట్లో పోసుకుని, “చేతికి ఉప్పు తెలీదు, పోనీలే,” అంది. ఇప్పుడు వేరే ఊళ్ళో చదువుకుంటున్న నా కూతురు పుట్టినప్పుడు పిల్లని చూసి, “సరేలే, బాలింతవి, నాచు చారు చల్లారకముందే తాగు,” అంది. అంతకుమించి ఆవిడ నాతో మాట్లాడేది తక్కువ. నేను ఉద్యోగం నుంచి వచ్చేసరికి బియ్యం కడిగి నానబెట్టి ఉండేవి. అదొక్కటే.

పోయిన శరత్కాలపు పండగకి మూడు రోజుల ముందు ఆవిడ ఎడమ పక్కటెముకల మీద ఎర్రగా పొక్కులు లేచాయి. చూడగానే సర్పి, అదే అక్కి, అని నాకు తెలిసిపోయింది. మూడు రోజుల్లో మందు పడాలి, లేకపోతే నరం పాడవుతుంది. మా ఆయనకి చెప్పాను. “చెమటకాయలు. పండగ చుట్టాలు వెళ్ళాక చూద్దాం,” అన్నాడు. అత్తయ్య కూడా “పూర్వీకులకి పెట్టాల్సిన రోజు ముందు ఆసుపత్రి ఏంటి అమ్మాయ్?” అంది. నేను ఇంకా గట్టిగా అనాల్సింది. కానీ వంటింట్లో మూడు రకాల అట్లు వేయాలి, చేపలు శుభ్రం చేయాలి, పదిహేడుమందికి గిన్నెలు సర్దాలి. అనలేదు. ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆరో రోజు. పొక్కులు మానాయి, చర్మం మీద లేత మచ్చలు మాత్రమే మిగిలాయి. నొప్పి మిగిలిపోయింది. ఆ చలికాలం ఆవిడ ఆ నొప్పితోనే ఆడపడుచుకి, మాకు కలిపి అరవై క్యాబేజీలు ఉప్పులో వేసి కిమ్చీ పెట్టింది. నేను సాయం పట్టబోతే, “నువ్వు పొద్దున పోవాలిగా, పడుకో,” అంది.

మే నెల వచ్చింది. ఎనిమిది నెలలయింది. ఆవిడ ఎడమ చేతిని ఒంటికి ఆనించకుండా కాస్త ఎత్తి పట్టుకుని ఇంట్లో తిరుగుతుంటే, కోడిపెట్ట రెక్క ఎత్తినట్టుండేది. ఫ్యాను గాలి తగిలినా పళ్ళు బిగించేది. పక్క మీద ఒత్తిగిలి పడుకోలేక గోడకి కుడి భుజం ఆనించి కూర్చునే కునుకు తీసేది. ఇదంతా కొడుకు ఇంట్లో లేనప్పుడు. కొడుకు చెప్పులు విప్పిన చప్పుడు వినగానే చెయ్యి కిందికి దిగిపోయేది. “వచ్చావా నాన్నా, ఆకలేస్తోందా?” అని లేచేది.

మా ఆయన చెడ్డవాడు కాదు. తల్లంటే ప్రాణం. బనీను కుట్లు చూసిన ఆ ఆదివారం సాయంత్రమే మందుల దుకాణంలో నొప్పి పట్టీలు కొనుక్కొచ్చాడు. “జపాను వాళ్ళవి అమ్మా, ఒక్కటి వేస్తే చాలట,” అంటూ ఆవిడ బనీను పైకెత్తి, పెద్ద పట్టీని ఆ మచ్చల మీద సరిగ్గా అంటించాడు. మూలలు లేవకుండా అరచేత్తో అదిమాడు. ఒకసారి, రెండుసార్లు, నెమ్మదిగా, ప్రేమగా. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. అత్తయ్య ముఖం కదల్లేదు. కాలి వేళ్ళు మాత్రం చాప అంచుని పట్టుకుని ముడుచుకుపోయాయి. “ఎలా ఉందమ్మా?” అన్నాడు. “చల్లగా ఉందిరా,” అంది. ఆయన టీవీ ముందుకి వెళ్ళాక గోరువెచ్చని నీళ్ళు తెచ్చి, ఆ పట్టీని చివరినుంచి తడుపుతూ పీకడానికి నాకు ముప్పావు గంట పట్టింది. ఆవిడ తువ్వాలు నోట్లో కుక్కుకుని కూర్చుంది. “వాడికి చెప్పకు. మోజుపడి తెచ్చాడు,” అంది చివర్లో.

నా ఉద్యోగం నొప్పిని కొలవడం. ఇది చెబితే జనం నవ్వుతారు. ఈ ఊళ్ళో, దేగులో, ఒక విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో పంతొమ్మిదేళ్ళుగా నేను చేస్తున్నది అదే. ఎలుక తొడ వెనక నరానికి దారంతో వదులుగా ముడివేసి పైన చర్మం కుట్టేస్తారు. పది రోజుల్లో గాయం మానుతుంది, వెంట్రుకలు మొలుస్తాయి. దానికేదో జరిగిందని పైకి ఎవరికీ తెలీదు. కానీ అది ఆ కాలిని నేలకి పూర్తిగా ఆనించదు. అలాంటివాటిని జల్లెడలాంటి తీగల మీద గాజు పెట్టెల్లో ఉంచి, అవి కుదుటపడేదాకా నేను అరగంట కదలకుండా కూర్చుంటాను. తరవాత కింద నుంచి పాదానికి సన్నటి నైలాన్ పోచని ఆనించి, అది వంగేదాకా నొక్కుతాను. నరం బాగున్న ఎలుకకి అది ఈగ వాలినంత. నరం చెడ్డ ఎలుక ఉలిక్కిపడి కాలు లాక్కుంటుంది, దాన్ని నాకుతుంది, నావైపు చూస్తుంది. ఎంత మందం పోచకి లాక్కుందో నేను రాస్తాను. ఆ అంకె వ్యాసాల్లోకి, మందుల కంపెనీల దగ్గరికి, విదేశీ సభల్లోకి పోతుంది. నా పేరు ఎక్కడికీ పోదు. “మీ చెయ్యి మంచిదండీ హ్యోసుక్ గారూ,” అంటాడు తక్ ప్రొఫెసరు ప్రతి సంవత్సరాంతపు విందులోనూ, తన గ్లాసు నావైపు చాపుతూ. పోయమని.

ఏటా మే నెలలో ప్రయోగశాల వెనక నిలబెట్టిన స్మారక రాతి దగ్గర, చచ్చిపోయిన జంతువుల ఆత్మశాంతికి పూజ చేస్తారు. బేరిపళ్ళు తొక్క తీసేదీ, ఎండుచేప పళ్ళెంలో సర్దేదీ నేనూ బోనులు కడిగే ఇంకో ఆవిడా. మొదటి వందనం ప్రొఫెసరుది. ఆ ఏడు పూజ అయ్యాక, నిధులిచ్చే సంఘం నుంచి వచ్చిన నలుగురు పెద్దమనుషుల్ని ఆయన నా గదిలోకి తీసుకొచ్చాడు. నలుగురూ మగవాళ్ళు. “ఇదిగో, తాకితేనే నొప్పి ఎలా ఉంటుందో చూడండి,” అని నా చేతిలోంచి పోచ తీసుకుని తనే ఎలుక పాదానికి ఆనించాడు. అది కదల్లేదు. ఇంకా లావు పోచ. కదల్లేదు. “ఏమయ్యా తక్, నీ ఎలుకలకి నయమైపోయినట్టుందే!” అని ఒకాయన అంటే అందరూ నవ్వారు. ప్రొఫెసరు ముఖం ఎర్రబడింది. వాళ్ళని కాఫీకి పంపించి వెనక్కి వచ్చి, “మళ్ళీ చూడండి, ఓసారి,” అన్నాడు తలుపు బయటి నుంచే. గంట ఆగి చూశాను. అన్నిటికంటే సన్నటి పోచకే కాలు లాక్కుంది. ఆయనకి ఇది కొత్త కాదు. మగవాళ్ళ వాసన తగిలితే ఎలుకలు భయంతో బిగుసుకుపోయి నొప్పి కనబడనివ్వవని ఆయన తరగతిలో చెబుతాడు కూడా. నన్ను ఇన్నేళ్ళు ఈ పనిలో ఉంచింది అందుకేనని ఒకసారి తాగినప్పుడు నాతోనే అన్నాడు.

ఆ సాయంత్రం బస్సులో కూర్చుంటే అత్తయ్య కాలి వేళ్ళు కళ్ళముందు మెదిలాయి. నాకు తెలిసినంత ఈ నొప్పి గురించి ఈ ఊళ్ళో ఎంతమందికి తెలుసు? తెలిసి ఏం చేశాను? బనీన్ల కుట్లు విప్పాను.

ఆసుపత్రి నొప్పి విభాగానికి మా ఆయనే కారులో తీసుకెళ్ళాడు. నాలుగు వారాలు వెంటపడితే ఒప్పుకున్నాడు. డాక్టరు యాభై దాటిన మనిషి. “అవ్వా, నొప్పి పదిలో ఎంత?” అన్నాడు. అత్తయ్య కొడుకు వైపు ఓసారి చూసి, “రెండో, మూడో. వయసులో పెద్దదాన్ని కదా, ఆమాత్రం ఉండదా,” అంది. నేను ఆగలేకపోయాను. “కాదు డాక్టర్ గారూ. బట్ట తగిలితేనే మంట. రాత్రుళ్ళు పడుకోదు. ఇది నరం చెడిన నొప్పి, సూదిమందు పడాలి,” అన్నాను. డాక్టరు కళ్ళజోడు కిందికి దించి, “మీరు నర్సా?” అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మా ఆయన నవ్వుతూ, “ఎలుకల కాళ్ళు గుచ్చుతుంది లెండి,” అన్నాడు. డాక్టరూ నవ్వాడు. “అవ్వ ఎలుక కాదు కదమ్మా, తనకి నోరుంది,” అని నెల రోజులకి మామూలు మాత్రలు రాసిచ్చాడు. అత్తయ్య ఒళ్ళోని చేతిసంచీ పట్టీని మెలిపెడుతూ కూర్చుంది.

కారులో మా ఆయన ఎర్రదీపం దగ్గర ఆగి, అద్దంలో నన్ను చూస్తూ అన్నాడు: “పరాయివాడి ముందు అమ్మ మాట అబద్ధమన్నట్టు మాట్లాడావు. అసలు నీ ఆలోచనేంటి? అమ్మని ముసలివాళ్ళ ఆశ్రమంలో పడేద్దామనా?” వెనక సీట్లో నా పక్కన అత్తయ్య, సీటు బెల్టు పక్కటెముకలకి తగలకుండా రెండు చేతులతో దూరంగా లాగి పట్టుకుని కూర్చుంది. ఇల్లు చేరేదాకా అలాగే.

మర్నాడు నేనే ఆసుపత్రికి ఫోను చేశాను. ఆడ డాక్టరొకామె ఉందని, సూదిమందు ఆమె ఇస్తుందని అన్నారు. ఆమె దగ్గర ఖాళీ ఏడు వారాల తరవాత. పేరు రాయించాను. మా ఆయన చిన్ననాటి స్నేహితుడు అదే ఆసుపత్రి ఆఫీసులో పెద్ద ఉద్యోగి. ఈయన ఒక్క ఫోను చేస్తే ఏడు వారాలు ఏడు రోజులవుతాయి. అడిగాను. “రెండో మూడో అంటున్న మనిషి కోసం నేనెవరి కాళ్ళూ పట్టుకోను,” అన్నాడు.

ఆ శనివారం మధ్యాహ్నం అత్తయ్యా నేనూ వంటింటి నేల మీద కాగితం పరుచుకుని సోయా మొలకల తోకలు తుంచుతున్నాం. ఆయన స్నేహితులతో కొండెక్కడానికి పోయాడు. అత్తయ్య చెయ్యి రెక్కలా ఎత్తి ఉంది.

“నీ ఎలుకలకి చివరికి నొప్పి తగ్గుతుందా?” అంది ఉన్నట్టుండి. ఇరవై రెండేళ్ళలో నా పని గురించి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న.

“కొన్నిటికి మందు పనిచేస్తుంది అత్తయ్యా. చాలావాటికి తగ్గదు.”

“మరేం చేస్తారు?”

“ప్రయోగం అయిపోయాక... పెట్టెలోకి గ్యాసు వదులుతాం. నిద్రపోయినట్టు పోతాయి.”

“నొప్పి ఉండదా అప్పుడు?”

“ఉండదంటారు.”

ఆవిడ నాలుగు మొలకలు తుంచింది. “అదృష్టవంతులు,” అంది.

ఆవిడ ముఖంలో బాధ లేదు, కోపం లేదు. పక్కింటివాళ్ళకి గాలీ వెలుతురూ వచ్చే వాటా దొరికిందన్నట్టు అంది. మాది పద్నాలుగో అంతస్తు. బాల్కనీలో మిరపమొక్కలకి నీళ్ళు పోసేది ఆవిడే. ఏడు వారాలు నేను ఆగలేననిపించింది. మొలకలన్నీ పక్కకి నెట్టి, ఆవిడ కుడి చెయ్యి పట్టుకుని బతిమాలాను. “మీ నోటితో ఆయనకి చెప్పండి అత్తయ్యా. నేను చెబితే నమ్మరు. మీరంటేనే ఫోను చేస్తారు. నాకోసం కాదు, మీకోసం. ఒక్కసారి చెప్పండి.” ఆవిడ చాలాసేపు నా చేతిని చూసింది. “చెబితే ఏమవుతుందో నీకు తెలీదు అమ్మాయ్,” అంది. ఏమవుతుంది, కొడుకు బాధపడతాడు, అంతేగా అన్నాను. ఎంత తెలివితక్కువగా అన్నానో. ఆవిడ నిట్టూర్చి, “సరే. రేపు చెబుతాలే,” అంది.

ఆదివారం సాయంత్రం భోజనాల దగ్గర చెప్పింది. మా ఆయన సోయా చారులో అన్నం కలుపుకుంటున్నాడు. ఆవిడ చెంచా పక్కన పెట్టి, బల్ల అంచుని పట్టుకుని, “గ్యుచోల్,” అంది. “నొప్పిగా ఉందిరా. బట్ట తగిలినా మంటే. ఎనిమిది నెలలు దాటింది నేను ఒళ్ళు వాల్చి నిద్రపోయి. ఒక్కోసారి పోతే బాగుండుననిపిస్తోంది నాన్నా.”

ఆయన బిత్తరపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, ఆ మాట నేను కాదనను. లేచి వెళ్ళి తల్లి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “ఎందుకమ్మా చెప్పలేదు? ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు?” నా గుండెలోంచి బరువు దిగుతున్నట్టనిపించింది. రేపు ఫోను చేస్తాడు అనుకున్నాను. వారంలో సూదిమందు పడుతుంది.

ఆయన తల నావైపు తిప్పాడు.

“రేపే రాజీనామా రాసిచ్చెయ్.”

నాకు అర్థం కాలేదు. “ఏం రాజీనామా?”

“ఇంకేముంది? అమ్మ ఇక్కడ చచ్చిపోతాననేదాకా వస్తే నువ్వక్కడ ఎలుకల ముందు కూర్చుంటావా? అమ్మని ఒక్కదాన్నీ వదిలి ఎవరు వెళ్తారు? నేను మానలేను కదా. నా జీతంతో గడవదా మనకి? రేపు పొద్దున నేనే మీ ప్రొఫెసరుకి ఫోను చేస్తాను.”

“ముందు మీ స్నేహితుడికి చెయ్యండి. సూదిమందు...”

“అదీ చేస్తా. సూదిమందు వేస్తే ఇంట్లో మనిషి అక్కర్లేదా? వారం వారం ఎవరు తీసుకెళ్తారు? రాత్రి ఎవరు కూర్చుంటారు? కోడలివి కాదూ? ఎవరి పని ఇది?”

ఆయన అడిగినవన్నీ ఎవరో ఒకరు చేయాల్సినవే. ఆ ఎవరో ఒకరు నేనేనన్న సంగతి మాత్రం ఎప్పుడో, ఎక్కడో, నన్నడక్కుండా తేలిపోయింది. పంతొమ్మిదేళ్ళ నా కుర్చీ, నా కాగితాలు, కదలకుండా కూర్చునే ఆ అరగంట, పొద్దున బస్సులో కిటికీ పక్క సీటు, ఇవన్నీ ఒక అన్నం ముద్ద తినేంతసేపట్లో పోయాయి. కాదంటే నేను అత్తగారి నొప్పి కంటే ఎలుకలు ఎక్కువన్నదాన్నవుతాను.

అప్పుడు అత్తయ్య నవ్వింది.

“పిచ్చి సన్నాసీ, ఏడుస్తున్నావేంట్రా? ముసలిదాన్ని, కాస్త గారాలు పోయాను. నువ్వు నా మొహం చూసి ఎన్నాళ్ళయిందో అని అన్నాను.”

“అమ్మా, నిజం చెప్పు.”

“నిజమే చెబుతున్నా. నొప్పి లేదు. ఇదిగో చూడు.” ఆవిడ కుడి అరచేత్తో తన ఎడమ పక్కటెముకల మీద చప్పున కొట్టుకుంది. మళ్ళీ కొట్టుకుంది. ముఖం మీద నవ్వు చెదరలేదు. “చూశావా? నొప్పున్నవాళ్ళు ఇలా కొట్టుకుంటారా?”

ఆయన రెండు క్షణాలు చూసి, గట్టిగా ఊపిరి వదిలి, “అబ్బ, ఎంత భయపెట్టావమ్మా!” అని నవ్వేశాడు. లేచి తన చోట కూర్చున్నాడు. “అయినా గారాలకి చావు మాటలేంటి?” అంటూ చెంచా అందుకున్నాడు. అత్తయ్య కిమ్చీ ముక్కని చీల్చి కొడుకు అన్నం మీద పెట్టింది. ఆవిడ మెడ మీద నరాలు తాళ్ళలా తేలి ఉన్నాయి. నేను ఆ రెండు చప్పుళ్ళనీ వింటూనే కూర్చున్నాను.

ఆయన టీవీ పెట్టుకున్నాక నేను ఆవిడ గదిలోకి వెళ్ళాను. గోడకి కుడి భుజం ఆనించి, కళ్ళు మూసుకుని, ముక్కుతో కాక నోటితో ఊపిరి తీస్తోంది. ఎందుకిలా చేశారు అని అడగాలనుకున్నాను. ఆవిడే మాట్లాడింది, కళ్ళు తెరవకుండా, ఆగి ఆగి.

“మా అత్తగారికి పక్షవాతం వచ్చినప్పుడు నాకు ఇరవై తొమ్మిది. నేత మిల్లులో పన్నెండు మగ్గాలు చూసేదాన్ని. తెగిన దారం నా అంత త్వరగా ముడేసేవాళ్ళు లేరని మేస్త్రీ అనేవాడు. ఎవరన్నారో కూడా గుర్తులేదు, ఇంక మిల్లుకి వెళ్ళొద్దన్నారు. పదకొండేళ్ళు బతికింది ఆవిడ. ఆవిడ చనిపోయిన నెలకి మిల్లుకి వెళ్ళాను. గేటు దగ్గర కుర్రాడు, ‘పిన్నిగారూ, ఇప్పుడన్నీ యంత్రాలు,’ అన్నాడు.”

ఎడమ చెయ్యి ఒంటికి తగలకుండా కాస్త జరుపుకుంది.

“నొప్పి అన్నానంటే వాడు నిన్ను ఇంట్లో కూర్చోబెడతాడని మొదటి రోజే తెలుసు నాకు. నువ్వేమో చెప్పమని ఒకటే పోరు. చూశావా మరి? పో, పొద్దున బస్సుకి పోవాలిగా.”

ఇన్నాళ్ళూ ఆవిడ కొడుకుకి భయపడి దాస్తోందనుకున్నాను. నొప్పి గురించి అన్నీ తెలిసినదాన్ననుకున్నాను.

నేను చేయాల్సిన పని ఏమిటో నాకు స్పష్టంగా తెలుసు. హాల్లోకి వెళ్ళి, మీ అమ్మ అబద్ధం చెప్పింది, కొట్టుకున్న చోట కమిలి ఉంది, వచ్చి చూడండి అనాలి. అప్పుడు ఆయన నమ్ముతాడు. ఫోను చేస్తాడు. వారంలో ఆవిడకి సూదిమందు పడుతుంది, బహుశా కొంచెం తగ్గుతుంది, ఒళ్ళు వాల్చి ఓ రాత్రి నిద్రపోతుంది. నేను ఇంట్లో ఉంటాను. ఆవిడ ఎన్నేళ్ళు బతికితే అన్నేళ్ళు. చెప్పకపోతే డాక్టరు దగ్గరికి ఇంకా ఏడు వారాలు. నలభై తొమ్మిది రోజులు. నేను గిన్నెలు కడిగాను. పొయ్యి తుడిచాను. తుడిచిన పొయ్యినే మళ్ళీ తుడిచాను.

పొద్దున అత్తయ్య నాకంటే ముందే లేచి బియ్యం కడిగి పెట్టింది. ఎడమ చెయ్యి కిందికి దించుకుని నిలబడి ఉంది, కొడుకు ఇంట్లోనే ఉన్నాడు మరి. మా ఆయన అద్దం ముందు టై కట్టుకుంటూ, నా వైపు తిరక్కుండా అడిగాడు.

“నిన్న అమ్మ అన్నది వేళాకోళమేగా? నువ్వు రోజూ చూస్తుంటావు కదా. నిజంగా నొప్పేం లేదా?”

అత్తయ్య నీళ్ళ కుళాయి కట్టేసింది. నేను చెప్పులు తొడుక్కున్నాను.

“లేదండీ,” అన్నాను. “అత్తయ్యకి నొప్పేం లేదు.”

ఏడూ నలభై బస్సు అందుకున్నాను.